తల్లుల వేదన ఎరిగిన కుర్తుబా హకీం

రాజోలులో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం ఇళ్లకు బయలుదేరుతున్న సమయంలో ఒక యువకుడు మా పక్కకు వచ్చి కూర్చున్నాడు. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, తర్వాత మెల్లగా విషయం చెప్పాడు. అతని ఇల్లాలికి మొదటి కాన్పు సమయంలో పిక్కల వెంట నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగాయట. బిడ్డకు ఇప్పుడు మూడేళ్లు. రెండో సంతానం కావాలని దంపతులిద్దరికీ ఉంది. అయితే ఈ నరాలతో మళ్లీ గర్భం దాలిస్తే కాలు పోతుందని ఒకరు, కడుపులో బిడ్డకు ప్రమాదమని మరొకరు, ఇదంతా దిష్టి కాబట్టి తావీజు కట్టించమని ఇంకొకరు చెబుతున్నారట. ఆమె మాత్రం మగ డాక్టరుకు కాలు చూపించడానికి ససేమిరా అంటోందట. తావీజు రాసిస్తారేమోనని అతను మా దగ్గరకు వచ్చాడు.

దుఆ చేస్తామని మాట ఇచ్చాం. తావీజుకు బదులుగా అతనికి ఒక మహనీయుని జీవితగాథ వినిపించాం. కాళ్ల మీద ఉబ్బిన రక్తనాళాల గురించి, కష్టమైన కాన్పుల గురించి, పరాయి పురుషునికి ఒళ్లు చూపలేక బాధను దిగమింగే స్త్రీల గురించి వెయ్యేళ్ల క్రితమే ఒకే గ్రంథంలో రాసిపెట్టిన హకీం ఆయన. పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్నె అబ్బాస్ అల్ జహ్రావీ. యూరప్ వారు ఆయన్ని అల్బుకాసిస్ అంటారు. శస్త్రచికిత్సకు పితామహుడని ప్రపంచం ఆయనకు బిరుదు ఇచ్చింది. ఆ గాథనే ఈ వారం పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాం.

జహ్రా నగరపు బిడ్డ

ఈనాటి స్పెయిన్ ఉన్న ద్వీపకల్పంలో ముస్లింల పాలనలో ఉన్న ప్రాంతాన్ని అందులుస్ అని పిలిచేవారు. కుర్తుబా నగరం దానికి రాజధాని. మూడవ అబ్దుర్రహ్మాన్ అనే పాలకుడు 929లో తనను ఖలీఫాగా ప్రకటించుకున్నాడు. 936లో, అంటే హిజ్రీ 325 ప్రాంతంలో, కుర్తుబాకు పడమరగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో కొండవాలున ఒక కొత్త నగరానికి పునాది వేయించాడు. దాని పేరు మదీనతుజ్జహ్రా. పాలరాతి స్తంభాలతో, నీటి కొలనులతో, తోటలతో ఆ నగరం కన్నుల పండువగా వెలిసింది.

దాదాపు ఆ సంవత్సరంలోనే అబుల్ ఖాసిం జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరులా నిలిచి జహ్రావీ అయ్యింది. ఆయన పేరు చివర అన్సారీ అనే మాట కూడా కనిపిస్తుంది. అంటే దైవప్రవక్త (స) వారికి ఆశ్రయమిచ్చిన మదీనా అన్సార్ల సంతతితో ఆ కుటుంబానికి సంబంధం ఉందన్నమాట.

ఆయన పెరిగిన కాలం విద్యకు స్వర్ణయుగం. అబ్దుర్రహ్మాన్ తర్వాత 961 నుంచి 976 వరకు పాలించిన ఆయన కుమారుడు రెండవ హకం పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాడు. బాగ్దాదు, కైరో, దమస్కు నగరాలకు మనుషులను పంపి గ్రంథాలు తెప్పించేవాడు. అతని గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలుండేవని చరిత్రకారులు చెప్పుకుంటూ వచ్చారు. గ్రీకు వైద్యులు జాలీనూస్, బుఖ్రాత్ గ్రంథాలు, ఏడవ శతాబ్ది నాటి పౌలుస్ రచన, బాగ్దాదు హకీముల రచనలు అక్కడ అరబీలో చదువుకునే వీలుండేది. అబుల్ ఖాసిం ఈ విజ్ఞానమంతా ఔపోసన పట్టారు. అంతటితో ఆగకుండా రోగుల మంచాల పక్కన నిలబడి, తన చేతులతో చికిత్స చేసి, కళ్లారా చూసిన దాన్ని చదివిన దానితో సరిపోల్చుకున్నారు. దాదాపు యాభై ఏళ్లు ఇదే ఆయన దినచర్య.

ముప్పై భాగాల మహాగ్రంథం

ఆ యాభై ఏళ్ల అనుభవాన్ని 1000 సంవత్సరం ప్రాంతంలో ఆయన ఒక గ్రంథంగా పూర్తి చేశారు. దాని పేరును క్లుప్తంగా కితాబుత్తస్రీఫ్ అంటారు. ఇందులో 30 భాగాలున్నాయి. మొదటి రెండు భాగాల్లో వైద్యసూత్రాలు, వ్యాధుల లక్షణాలు, చికిత్సలు ఉన్నాయి. ఆ తర్వాతి భాగాల్లో ఎక్కువగా మందుల తయారీ వివరాలు కనిపిస్తాయి. చూర్ణాలు, మాత్రలు, లేహ్యాలు, షర్బత్తులు, లేపనాలు, పథ్యపానాలు ఒక్కొక్కటిగా వివరించారు.

చివరిదైన ముప్పయ్యవ భాగమే ఆయన పేరును అజరామరం చేసింది. అది పూర్తిగా శస్త్రచికిత్సకు కేటాయించిన భాగం. ఇందులో మూడు అధ్యాయాలు. మొదటిది కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి చేసే చికిత్స. రెండవది కోతలు, కుట్లు, గాయాలు, రక్తం తీయడం, కాన్పులకు సంబంధించినది. మూడవది విరిగిన ఎముకలు, తొలగిన కీళ్లు సరిచేయడం. ఈ భాగం పొడవునా సుమారు 200 పనిముట్ల బొమ్మలు ఉన్నాయి. కత్తులు, కొక్కేలు, సూదులు, రంపాలు, పళ్లు పీకే పటకారులు ఎలా ఉండాలో, ఎంత పదునుండాలో, దేన్ని ఎప్పుడు వాడాలో ఆయన గీసి చూపించారు. పనిముట్టు బొమ్మను పాఠంతో పాటు ఇంత విస్తారంగా ఇచ్చిన వైద్యగ్రంథం అంతకు ముందు లేదు. లోపలి కుట్లకు జంతువుల పేగుతో చేసిన దారం వాడవచ్చని కూడా ఆయన రాశారు.

ఆ రోజుల్లో కత్తి వైద్యం చిన్నచూపుకు గురయ్యేది. చదువుకున్న హకీములు నాడి చూసి మందులు రాసేవారు. కోత పని చదువురాని వారి చేతుల్లో ఉండేది. దాని ఫలితాలను అబుల్ ఖాసిం కళ్లారా చూశారు. ఒక స్త్రీ మెడ మీది గడ్డను ఒక అజ్ఞాని కోయబోయి రక్తనాళాలను తెగగోశాడు. ఆమె అతని కళ్లముందే రక్తం ఓడి చనిపోయింది. మూత్రాశయంలో పెద్ద రాయి ఉన్న ఒక వృద్ధుణ్ణి మరో వైద్యుడు కోశాడు. ఆ ముసలాయన మూడో రోజున కన్నుమూశాడు. అంతకు ముందు ఆ రోగిని అబుల్ ఖాసింకే చూపించారు. రాయి పరిమాణం, రోగి బలహీనత చూసి, కోస్తే బతకడని ఆయన ముందే చెప్పేశారు.

ఈ సంఘటనలను శస్త్రచికిత్స భాగం ఆరంభంలోనే రాసి, తన శిష్యులను బిడ్డలుగా సంబోధిస్తూ ఆయన హెచ్చరించారు. శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టరాదు. చికిత్సల్లో క్షేమంగా ముగిసేవి కొన్ని, ప్రాణాపాయం తెచ్చేవి కొన్ని ఉంటాయి. ఆ తేడా ఎరిగి నడవాలి. డబ్బుకు, పేరుకు ఆశపడి అపాయకరమైన పనికి దిగరాదు. వెయ్యేళ్లు గడిచినా ఈ హితవు పాతబడలేదు.

ద్రాక్షతీగ లాంటి నాళాలు

ఇక మన యువకుని ప్రశ్న దగ్గరికి వద్దాం. కాళ్ల మీద ఉబ్బి మెలికలు తిరిగే రక్తనాళాలను అరబీలో దవాలీ అంటారు. ద్రాక్షతీగలకు కూడా అదే మాట. పందిరి మీద తీగ అల్లుకున్నట్లు పిక్క మీద నాళం అల్లుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన ప్రాంతంలో నరాలు తేలడం, నరాలు ఉబ్బడం అంటాం. నిజానికి ఇవి నరాలు కావు. చెడు రక్తాన్ని కాళ్ల నుంచి గుండెకు తిరిగి చేర్చే సిరలు. డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అని రాసేది వీటి గురించే.

తస్రీఫ్ ముప్పయ్యవ భాగంలో అబుల్ ఖాసిం ఈ దవాలీ చికిత్సకు ప్రత్యేకంగా చోటు కేటాయించారు. ఇవి ఎక్కువగా కాళ్లలో, అందులోనూ బాగా నడిచేవారికి, బరువులు మోసేవారికి, కాయకష్టం చేసేవారికి వస్తాయని ఆయన గమనించారు. ఈ మాట చదివినప్పుడు మాకు మన కోనసీమే కళ్ల ముందు కదిలింది. వరినాట్లలో రోజంతా వంగి నిలబడే ఆడవారు, కొబ్బరి దింపు కాయలు మోసే కూలీలు, పొయ్యి దగ్గర తెల్లవారుజామున నిలబడి ఇషా నమాజు వేళకు గాని కూర్చోని గృహిణులు, కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో పనిచేసి వచ్చిన సోదరీమణులు, వీరందరి కాళ్లూ ఆయన చెప్పిన కాళ్లే.

చికిత్స విధానాన్ని ఆయన మెట్టు మెట్టుగా వివరించారు. కాలిని వేడినీటితో కాపడం పెట్టి నాళం బాగా ఉబ్బేలా చేయాలి. చర్మాన్ని నాళం పొడవునా జాగ్రత్తగా కోసి, కొక్కేలతో చర్మాన్ని పక్కకు లాగి, నాళాన్ని చుట్టూ ఉన్న కండ నుంచి విడదీయాలి. దాని కింద దారం పోసి ముడివేసి, కొంత దూరంలో మరో కోత పెట్టి, అలా ముక్కలుగానో మొత్తంగానో బయటికి లాగివేయాలి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో అమెరికా సర్జన్లు తీగ లాంటి పనిముట్లతో సిరను లాగివేసే పద్ధతులు ప్రవేశపెట్టారు. ఆ ఆలోచనకు మూలరూపం తస్రీఫ్‌లో కనిపిస్తుంది.

అయితే ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ వ్యాధికి కారణంగా ఆయన సౌదాను, అంటే నల్లని పిత్తంతో చిక్కబడ్డ రక్తాన్ని పేర్కొన్నారు. ఆనాటి యునానీ వైద్యమంతా ఆ సిద్ధాంతం మీదనే నడిచింది. రక్తం శరీరంలో చక్రంలా తిరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు హార్వే 1628లో గాని నిరూపించలేదు. సిరల లోపల రక్తం కిందికి జారకుండా ఆపే చిన్న కవాటాలు ఉన్నాయని ఇటలీలో ఫాబ్రీసియస్ 1603లో ప్రచురించారు. ఆ కవాటాలు వదులైతే రక్తం కిందికే జారి నిలిచి, సిర ఉబ్బుతుంది. అసలు కారణం అదీ. అబుల్ ఖాసిం కళ్లు చూసింది సరైనదే. దానికి వివరణ ఇచ్చే విద్య మాత్రం ఇంకా పుట్టలేదు. పూర్వీకులను గౌరవించడమంటే వారి ప్రతి మాటనూ నేటి మందుగా వాడడం కాదని పాఠకులు గ్రహించాలి.

మంత్రసానులకు గురువు

కాన్పుల విషయంలో అబుల్ ఖాసిం రాసిన ప్రకరణాలు ఆయన హృదయాన్ని మనకు చూపిస్తాయి. ఆ రోజుల్లో పురుడు పోయడం పూర్తిగా దాయీల పని. మనం మంత్రసానులంటాం. పురుష వైద్యుడు ఆ గడప తొక్కేవాడు కాదు. అందువల్ల దాయీలకే విద్య నేర్పాలని ఆయన సంకల్పించారు. బిడ్డ తల ముందుగా రాకుండా చేయి, కాలు, మోకాలు ముందుకు వచ్చినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఏం చేయాలో వేర్వేరుగా రాశారు. తల్లిని మంచం అంచున పడుకోబెట్టి కాళ్లు కిందికి వేలాడేలా ఉంచే భంగిమను ఆయన వర్ణించారు. దాన్నే 1889లో జర్మన్ వైద్యుడు వాల్షెర్ మళ్లీ వివరించగా అది అతని పేరిట ప్రసిద్ధమైంది. కడుపులో మరణించిన శిశువును తల్లి ప్రాణం పోకుండా బయటికి తీసే పనిముట్లు, మాయ పడకుండా నిలిచిపోతే చేయవలసిన పనులు, అన్నీ బొమ్మలతో సహా ఇచ్చారు.

తాను స్వయంగా చూసిన ఒక స్త్రీ ఉదంతాన్ని కూడా ఆయన రాశారు. ఆమె కడుపులో పిండం చనిపోయి బయటికి రాలేదు. తర్వాత మళ్లీ గర్భం నిలిచి అదీ పోయింది. చాలా కాలానికి బొడ్డు దగ్గర వాపు వచ్చి పగిలింది. అబుల్ ఖాసిం చికిత్స చేస్తూ ఉండగా పుండు నుంచి ఒక ఎముక, కొన్నాళ్లకు మరో ఎముక వచ్చాయి. కడుపులో ఎముకలు ఉండకూడదే అని ఆయన ఆశ్చర్యపోయి, అవి చనిపోయిన పిండానివని గ్రహించారు. ఓపికగా ఒక్కొక్కటే తీశారు. ఆ స్త్రీ కోలుకుని చాలా కాలం జీవించింది. గర్భసంచి వెలుపల పెరిగిన పిండం గురించి వైద్యచరిత్రలో కనిపించే తొలి వర్ణనల్లో ఇది ఒకటని నేటి పండితులు భావిస్తారు.

మరోసారి ఒక దాసీపిల్ల కత్తితో గొంతు కోసుకుంది. ఆయన్ని పిలిపించారు. శ్వాసనాళం తెగి, గాలి గాయంలో నుంచి బుసకొడుతోంది. పెద్ద రక్తనాళాలు మాత్రం తెగలేదు. ఆయన గాయాన్ని కుట్టి చికిత్స చేశారు. గొంతు బొంగురుపోవడం తప్ప ఆమెకు ఏ లోపమూ మిగల్లేదు. శ్వాసనాళాన్ని అవసరమైతే కోయవచ్చని, అది మానుతుందని ఈ అనుభవం నుంచి ఆయన నిర్ధారించుకున్నారు. ఖలీఫాల నగరంలో ఉండి కూడా ఒక దాసీపిల్ల ప్రాణాన్ని అంత శ్రద్ధగా చూడడం ఆయన గొప్పదనం.

సిగ్గును గౌరవించి, దారి చూపి

ఇప్పుడు మనకు ముఖ్యమైన విషయం. స్త్రీలకు మూత్రాశయంలో రాయి వచ్చినప్పుడు చేయవలసిన చికిత్స గురించి రాస్తూ ఆయన ఒక చిక్కును ప్రస్తావించారు. శీలవతి అయిన స్త్రీ పరాయి పురుష వైద్యునికి ఒంటిని చూపించడానికి ఒప్పుకోదు. ఈ పని తెలిసిన స్త్రీ వైద్యులు అరుదు. అలాగని ఆమెను బాధకు వదిలేయాలా? అలా వదిలేయడాన్ని ఆయన అంగీకరించలేదు. ఆమె సిగ్గును తప్పుపట్టనూ లేదు. తెలివైన, చేతి నైపుణ్యం గల స్త్రీ వైద్యురాలినో, దాయీనో తెచ్చి, వైద్యుడు పక్కన ఉండి ఒక్కొక్క మెట్టు చెబుతుంటే ఆమె చేత చేయించాలని మార్గం చూపారు.

ఈ ఆలోచన తర్వాతి తరాల్లో ఫలించింది. అందులుస్‌లోనే ఇబ్నె జుహ్ర్ వైద్యకుటుంబానికి చెందిన స్త్రీలు రాజాంతఃపురంలో స్త్రీల వైద్యం చేశారు. 1465లో తురుష్క సర్జన్ షరఫుద్దీన్ తస్రీఫ్ ఆధారంగా టర్కీ భాషలో రంగుల బొమ్మల గ్రంథం రాశారు. అందులోని చిత్రాల్లో స్త్రీలకు చికిత్స చేస్తున్న స్త్రీ వైద్యులు కనిపిస్తారు. అసలు మనకు ఇది కొత్త సంగతి కాదు. దైవప్రవక్త (స) కాలంలోనే హజ్రత్ రుఫైదా (రజి) మదీనా మసీదు దగ్గర గుడారం వేసి గాయపడినవారికి సేవలు చేశారు.

నగరం పోయింది, గ్రంథం నిలిచింది

అబుల్ ఖాసిం ముసలితనం ప్రశాంతంగా గడవలేదు. 1009లో కుర్తుబాలో అంతర్యుద్ధం రాజుకుంది. 1010లో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై నాశనమైంది. ఆయన పుట్టిన ఊరు ఆయన కళ్లముందే బూడిదైంది. 1013లో కుర్తుబా కూడా దోపిడీ పాలైంది. దాదాపు ఆ సంవత్సరంలోనే, హిజ్రీ 404 ప్రాంతంలో, ఆయన ఈ లోకాన్ని వీడారు. 1031లో ఖిలాఫత్ పూర్తిగా అంతరించింది.

గ్రంథం మాత్రం బతికింది. ఆయన కంటే చిన్నవాడైన కుర్తుబా పండితుడు ఇబ్నె హజ్మ్ దాన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. 12వ శతాబ్దిలో తులైతులా నగరంలో జెరార్డ్ అనే పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 14వ శతాబ్దిలో ఫ్రాన్సు సర్జన్ గీ ద షోలియాక్ తన గ్రంథంలో అబుల్ ఖాసింను రెండు వందల సార్లకు పైగా ప్రస్తావించాడు. 1778లో ఆక్స్‌ఫర్డులో అరబీ మూలం అచ్చయింది. 1973లో ఇంగ్లీషు అనువాదం వెలువడింది. మన దేశంలో పాట్నా ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో పనిముట్ల బొమ్మలతో ఉన్న ప్రాచీన ప్రతి భద్రంగా ఉంది. హైదరాబాదులో చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఆయన వారసత్వాన్ని తెలుగు నేల మీద గుర్తుచేస్తున్నాయి. శిథిలమైన మదీనతుజ్జహ్రాను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

నేటి వైద్యం చెప్పే మాట

అబుల్ ఖాసిం ఈనాడు ఉండి ఉంటే ఈనాటి విద్యనే అనుసరించేవారు. కాబట్టి కాళ్ల సిరలు ఉబ్బిన సోదరి గర్భం తలపెట్టినప్పుడు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఇక్కడ చెబుతున్నాం. మేము వైద్యులం కాము. వైద్యులు చెప్పేదాన్ని ఇంట్లో అర్థమయ్యే భాషలో అందిస్తున్నామంతే.

మొదటి సంగతి. కాళ్ల మీద సిరలు ఉబ్బినంత మాత్రాన గర్భం నిలవకుండా పోదు, కడుపులో బిడ్డకూ హాని జరగదు. గర్భంలో తల్లి ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. గర్భకాలపు హార్మోన్లు సిరల గోడలను వదులు చేస్తాయి. పెరిగే గర్భసంచి పొత్తికడుపు సిరలను నొక్కుతుంది. అందుకే ఆ నెలల్లో ఉబ్బు ఎక్కువవుతుంది. కాన్పయిన కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ కూడా పెరుగుతుంది.

రెండవది. గర్భం దాల్చక ముందే ఒకసారి చూపించుకోవాలి. డాప్లర్ స్కాన్ ద్వారా లోపలి పెద్ద సిరలు బాగున్నాయో లేదో తెలుస్తుంది. కోతా, సూదీ లేని పరీక్ష అది. ఉబ్బు మామూలుగా ఉంటే, సంతానం పూర్తయ్యాక చికిత్స చేయించుకోమని చాలామంది వైద్యులు చెబుతారు. ఎందుకంటే తర్వాతి గర్భంలో మళ్లీ రావచ్చు. చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడినా, సిర పగిలి రక్తం వచ్చినా, నొప్పి భరించలేకున్నా ముందే చికిత్స చేయించుకోవడం గురించి మాట్లాడుకోవాలి. ఇప్పుడు లేజరు, రేడియో తరంగాల వేడి, నురుగు మందు ఇంజెక్షను వంటి పద్ధతులున్నాయి. గర్భం ఉన్నప్పుడు సాధారణంగా ఇవి చేయరు. అందుకే ముందుగా ఆలోచించాలి.

మూడవది. ఇదివరకు ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డకట్టి ఉన్నా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అలా జరిగినా డాక్టరుకు తప్పక చెప్పాలి. దాచకూడదు. కాన్పుల మధ్య ఎడం కోసం మాత్రలు వాడదలిస్తే అదీ అడిగి వాడాలి. కొన్ని మాత్రలు రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి.

నాలుగవది. గర్భంలో గంటల తరబడి ఒకేచోట నిలబడకూడదు, కూర్చోకూడదు. రోజూ నడవాలి. కూర్చున్నప్పుడు కాళ్లు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఎడమవైపు తిరిగి పడుకోవడం మంచిది. డాక్టరు కొలత చూసి రాసిన బిగువు మేజోళ్లు ఉదయం లేవగానే వేసుకోవాలి. ఇక్కడ మన ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. వుజూకు రోజుకు ఐదుసార్లు మేజోళ్లు తీయాలా అని. ఎప్పుడు తీయవచ్చో డాక్టరును, తీయడం హానికరమైతే మసహ్ విషయంలో షరీఅత్ ఏమంటుందో తమ ఊరి ఆలిమును అడిగి తెలుసుకోవాలి. ఈ కారణంగా మేజోళ్లూ మానకూడదు, నమాజూ మానకూడదు. నిలబడలేని రోజున కూర్చుని నమాజు చేసే సౌలభ్యాన్ని అల్లాహ్ ప్రసాదించాడు.

ఐదవది. కాన్పు తర్వాత చిల్లా నలభై రోజులు మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వరు. కొందరు నీళ్లు కూడా తక్కువగా ఇస్తారు. పెద్దల ప్రేమను మేము శంకించడం లేదు. కాని రక్తం గడ్డకట్టే ప్రమాదం కాన్పు తర్వాతి ఆరు వారాల్లోనే అధికం. బాలింత తగినంత నీరు తాగాలి. ఆపరేషన్ అయినా సరే, డాక్టరు అనుమతించిన వెంటనే లేచి మెల్లగా నడవాలి. గట్టిపడి, ఎర్రబడి, వేడిగా ఉన్న సిర మీద నూనె పెట్టి రుద్దకూడదు.

చివరిది, అతి ముఖ్యమైనది. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పిపుడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఉబ్బిన సిర పగిలి రక్తం కారితే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ దంపతులు

ఆ యువకుడు కథంతా విన్నాడు. ఒక హకీం వెయ్యేళ్ల క్రితం స్త్రీల సిగ్గును గౌరవిస్తూనే దారి వెతికాడన్న మాట అతని మనసును తాకింది. మన రోజుల్లో లేడీ డాక్టర్లు అమలాపురంలోనూ కాకినాడలోనూ ఉన్నారని, వారు దొరకని పరిస్థితిలో భర్త సమక్షంలో పురుష వైద్యునికి అవసరమైనంత మేర చూపించడాన్ని షరీఅత్ నిషేధించలేదని చెప్పాం. కొన్ని వారాల తర్వాత అతను మళ్లీ కలిశాడు. ఇల్లాలిని తీసుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాడట. స్కాన్‌లో లోపలి సిరలు బాగున్నాయని తేలిందట. మేజోళ్లు రాసి, గర్భం దాల్చకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టమని, గర్భం నిలిచిన వెంటనే వచ్చి చూపించుకోమని చెప్పి పంపారట. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న భయం ఒక్క పూటలో తగ్గిందని అతను అన్నాడు.

మేము ఈ వ్యాసం ద్వారా తండ్రులకు, భర్తలకు, అత్తగార్లకు ఒక్క విన్నపం చేస్తున్నాం. ఐదు పూటలా వుజూలో పాదాలు కడుక్కునే సమాజం మనది. మన ఇంటి ఆడవారి కాళ్ల వైపు, వారు చెప్పుకోని నొప్పి వైపు ఒకసారి చూద్దాం. మన ఆడపిల్లల్లో చదువుకోగలిగిన వారిని డాక్టర్లుగా, నర్సులుగా చదివిద్దాం. తెలివైన స్త్రీ చేతిలో వైద్యం ఉండాలని అబుల్ ఖాసిం కోరుకున్నారు. ఆయన కోరిక మన రాజోలులో మన పిల్లల ద్వారా నెరవేరితే అంతకు మించిన నివాళి ఉండదు.

కారుణ్యప్రభువైన అల్లాహ్ ఆ మహనీయుని సేవలను స్వీకరించి ఉన్నత స్థానం ప్రసాదించుగాక! మన తల్లులకు, చెల్లెళ్లకు ఆరోగ్యాన్ని, క్షేమమైన కాన్పులను, సద్వర్తనులైన సంతానాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.